తడిసిన వైపు

మా డార్లింగ్ డౌన్స్ ప్రాంతానిది నల్లరేగడి నేల. నీళ్లు తాగితే పొంగుతుంది, ఎండితే ముడుచుకుంటుంది. ముడుచుకునే మట్టిని చుట్టూ ఉన్న మట్టి పట్టుకుని కదలనివ్వదు. ఎటూ జరగలేక ఎక్కడో ఒకచోట చిరుగుతుంది. ఆ చిరుగు మీద ఇల్లుంటే ఇల్లూ చిరుగుతుంది.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. ఎవరూ పెరట్లో గొట్టంతో నీళ్లు పెట్టకూడదని ఊరంతా కట్టుబాటు పెట్టుకున్నాం. స్నానం చేసిన నీళ్లు మాత్రం బకెట్‌తో పోసుకోవచ్చు. ఆ కట్టుబాటు చూసుకునే సంఘానికి మా అక్క డెస్లీయే పెద్ద. పక్కింటి క్లారీ తాత, పోయిన భార్య నాటిన నిమ్మచెట్టుకు గొట్టం పెడితే, అందరి ముందూ నిలబెట్టి కడిగేసింది. ముసలాయన తలవంచుకుని విన్నాడు. చెట్టు ఎండిపోయింది.

తర్వాత మా గోడే బీటలిచ్చింది. పడగ్గది తలుపు మూతపడదు. ఈ ఇల్లు పోతే మాకు వేరే దిక్కు లేదు. నేల తడిసి పొంగితే బీట పూడుతుందని అక్క గోడ వెంట గొట్టం పరిచి పైన ఎండుగడ్డి కప్పింది. నేను చూసీ చూడనట్టున్నాను. చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది.

చేసిన దొంగపనైనా తిన్నగా చేయలేదు. తడిసిన వైపు నేల పొంగింది, ఎండిన వైపు కుంగింది. గోడ నడుమ చెయ్యి పట్టేంత సందు పడింది.

కబురు విని అందరికన్నా ముందు క్లారీ తాత వచ్చాడు, పగుళ్లలో పోద్దామని తన స్నానపు నీళ్లు మోసుకుంటూ. గడ్డి మీద కాలు పెట్టగానే బూటు బురదలో దిగింది. కిందికి చూశాడు, అక్క మొహం చూశాడు. అప్పటికే సంఘం వాళ్లు గేటు తీస్తున్నారు.

ఇక్కడింత తడేమిటని వాళ్లలో ఒకామె అడిగింది.

"నేనే గొట్టం పెట్టానమ్మా," అన్నాడు తాత. "ఇల్లు పడిపోతుంటే చూస్తూ ఊరుకోలేకపోయా. తిట్లు నాకు కొత్తేం కాదుగా, కానివ్వండి."

అందరూ అక్క వైపు తిరిగారు. తీర్పు చెప్పాల్సింది ఆవిడే. నిజం చెప్పవే తల్లీ అని లోపల మొత్తుకున్నాను.

"ఈసారికి వదిలేద్దాం," అంది అక్క. "పెద్దాయన కదా."

"సంతోషం తల్లీ," అన్నాడు క్లారీ తాత.

అక్క సరేనన్నట్టు తల ఊపింది.