అడ్డు చెక్క

ఆ దీవికి పడవ వారానికోసారి వస్తుంది. గోబర్ గ్యాసు తొట్టికి మాత్రం రోజూ మేత పడాలి. నాలుగు కొట్టాల పేడ అందులోకే చేరుతుంది. దాన్నుంచి వచ్చే గ్యాసుతోనే అందరి పొయ్యిలూ వెలగాలి, పాలు చల్లబరిచే యంత్రం తిరగాలి. పేడనీళ్లు పల్చనైతే ఒక తంటా, చిక్కనైతే ఇంకో తంటా. ఆ కిటుకు తెలిసింది పెద్దాయనొక్కడికే. అందుకే తొట్టి ఆయన్ని కట్టేసింది.

అవతలి ఒడ్డున కూతురికి ఆడపిల్ల పుట్టి నెల దాటింది. కాన్పుకి వెళ్లిన భార్య అక్కడే ఉంది. ఈయన ఇంకా మనవరాలి మొహం చూడలేదు.

"నన్నెందుకు చేసుకున్నావు? ఆ తొట్టినే చేసుకోవాల్సింది," అంది భార్య మొన్న ఫోనులో.

మాట ముల్లులా దిగింది. బావమరిదిని పక్కన నిలబెట్టుకుని పనంతా నేర్పాడు. బావమరిది మంచివాడే, కానీ చేతికి తొందరెక్కువ.

"నిశ్చింతగా వెళ్లు బావా. నీ తొట్టిని కంటికి రెప్పలా చూసుకుంటా."

పడవ వచ్చింది. పెద్దాయన సంచి పడవలో పెట్టాడు. అందులో పసిపిల్లకి చిన్న ఉన్ని టోపీ ఉంది. బావమరిది చెయ్యి అందించి ఎక్కించబోయాడు. ఆ చేతి నుంచి ఫినాయిలు గుప్పుమంది.

"ఏం కడిగావురా?"

"కొట్టమంతా! అద్దంలా మెరుస్తోంది. నువ్వు లేకపోతే పాడైందని ఎవరూ అనకూడదుగా."

"ఆ నీళ్లెటు పోయాయి?"

"ఎటు పోతాయి? కాలవలోకే."

కాలవ పోయేది తొట్టిలోకే. పేడని గ్యాసుగా మార్చేది కంటికి కనబడని క్రిములు. ఫినాయిలు తగిలితే అవి బతకవు. తొట్టి కోలుకోవడానికి ఎన్నాళ్లు పడుతుందో! ఫినాయిలు వాడొద్దని చెప్పాలని ఆయనకే తట్టలేదు.

"ఎక్కుతున్నావా, దిగుతున్నావా? అలలేమీ నా చుట్టాలు కావు, ఆగడానికి," అని కేకేశాడు పడవవాడు.

పెద్దాయన సంచి మాటే మరిచి వెనక్కి తిరిగాడు. కొట్టం దాకా పరుగే. వెనకాల బావమరిది ఏదో అంటున్నా చెవికెక్కలేదు.

కాలవ నిండా తెల్లటి నీళ్లు కదలకుండా నిలబడి ఉన్నాయి. చివర, తొట్టిలోకి దారి మూసే అడ్డు చెక్క వేసింది వేసినట్టే ఉంది. కడిగే ముందు దాన్ని పైకెత్తాలి. మొట్టమొదట నేర్పింది అదే. బావమరిది మర్చిపోయాడు. తొట్టిలోకి ఒక్క చుక్క పోలేదు.

"హమ్మయ్య! చూశావా బావా, నా మతిమరుపు కూడా..." బావమరిది నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆ నవ్వు మింగేశాడు.

చెక్క ఎత్తావా అని ఒక్క మాట అడిగుంటే ఈపాటికి పడవలో ఉండేవాడు. నేర్పినవాడికే నమ్మకం చాల్లేదు. కొట్టం గుమ్మంలోంచి చూస్తే పడవ గింజంతైంది, తర్వాత అదీ లేదు. ఎటు చూసినా నీళ్లే. ఇద్దరూ బకెట్లు పట్టి కాలవ తోడారు.

సాయంత్రం పాలు కాచుకుంటుంటే ఫోను మోగింది.

"నాన్నా, పడవాయన సంచి ఇచ్చి వెళ్లాడు. టోపీ అతికినట్టు సరిపోయింది. మరి నువ్వేదీ?"

కూతురి వెనకనుంచి సన్నగా పసిపిల్ల ఏడుపు వినబడుతోంది. ఇటు పొయ్యి బుసబుసమంటోంది.

ఆయన చెయ్యి చాపి గ్యాసు కట్టేశాడు. ఫోను చెవికి ఇంకా గట్టిగా ఆనించుకున్నాడు.