కాలి పరీక్ష

గోపాలపూర్ రేవులో చేపల గంపను పక్కింటి సీతాలుకి అప్పగించి, కాళ్ళకంటిన ఇసుకైనా దులుపుకోకుండా ముత్యాలమ్మ బరంపురం బస్సెక్కింది. ఎక్కిందన్న మాటేగాని కూర్చోలేదు. సీటు ఖాళీగా ఉన్నా కడ్డీ పట్టుకుని నిలబడింది. కూర్చుంటే బస్సు ఇంకా నెమ్మదిగా పోతుందని ఆవిడ భయం.

గొడవంతా చేతిలోని ఫోనుతోనే. రెండేళ్ళుగా ఆవిడకు బడీ అదే, పంతులూ అదే. బరంపురంలోని పెద్దల చదువు కేంద్రం వాళ్ళు పాఠాలూ పరీక్షా తెలుగులోనే అందులోకి పంపిస్తారు. చేపలు అమ్ముడయ్యాక, వంటయ్యాక, చెవుల్లో తీగలు పెట్టుకుని ఈవిడ వింటుంది. ఎనిమిదో తరగతి గట్టెక్కితే ఆడపిల్లల హాస్టల్లో వంటపని ఇస్తామన్నారు. ఎండల్లో గంప నెత్తిన పెట్టుకుని వీధులు తిరగడం ఇక ఆ మోకాళ్ళ వల్ల కాదు. కిందటేడు సరిగ్గా పరీక్షనాడే తుఫాను వచ్చి నెట్ పోయింది. రెండోసారి కూడా తప్పితే పేరు కొట్టేస్తారు.

ఆ రెండోసారీ తప్పిపోయిందని ఈ పొద్దున తెలిసింది. కేంద్రం మేడమ్ పంపిన మెసేజి ఒడియాలో ఉంది. ముత్యాలమ్మకు ఒడియా నోటికి వచ్చు, చెవికి వచ్చు, కంటికే రాదు. చిన్నప్పుడు నేర్చుకున్నవి తెలుగు అక్షరాలు. అందుకని ఎప్పటిలాగే తెలుగులోకి మార్చమని ఫోన్నే అడిగింది. "నిన్న పరీక్ష. పదకొండు నుంచి పన్నెండు లోపల" అని చూపించిందది. మెసేజి నెత్తిన, అది వచ్చిన రోజు చూపించే చోట కూడా "నిన్న" అనే ఉంది. ఇంకేం సందేహం?

బరంపురం బడా బజార్లో చీరల కొట్లో పనిచేసే కూతురు సస్మితకు ఫోన్ చేసి గొల్లుమంది.

"అయిపోనాదే! పరీక్ష నిన్ననే అయిపోనాది. నానేటి సేతును?"

"ఏడకమ్మా. నువ్వు బస్సెక్కి వొచ్చీ. నానూ కేంద్రం కాడికి ఎల్తాను. మేడమ్ కాళ్ళు పట్టుకుందుం."

బస్సు ప్రతి సందు దగ్గరా ఆగుతోంది. ఆగినప్పుడల్లా ముత్యాలమ్మ డ్రైవరును మనసులోనే తిట్టుకుంటోంది. మేడమ్‌తో ఏం చెప్పాలి? నెట్ లేదనాలా, ఒంట్లో బాగోలేదనాలా? మెసేజి మళ్ళీ తెరిచింది. ఎన్నిసార్లు చూసినా నిన్న నిన్నే. బస్సు కుదుపుకి వేలు జారి స్పీకరు బొమ్మ మీద పడింది. ఫోను బస్సంతా వినబడేలా ఒడియాలో చదివింది.

"కాలి పరీఖ్యా..."

ముత్యాలమ్మ కడ్డీ వదిలేసింది. ఒడియాలో నిన్నా 'కాలి'యే, రేపూ 'కాలి'యే. ఏ 'కాలి'యో సందర్భాన్ని బట్టి మనుషులకు తెలిసిపోతుంది, ఫోనుకేం తెలుసు? అయిపోయిన పరీక్షకు వేళ చెప్పి మరీ పిలుస్తారా ఎవరైనా? రేపు పరీక్ష అంది మేడమ్. అన్నది నిన్న రాత్రి. నిన్నటికి రేపంటే?

"ఓలమ్మో, ఇయ్యాలే!"

అప్పటికే పదకొండున్నర దాటింది. "రఖ, రఖ!" అని బస్సు ఆపించి, కండక్టరు కసురుతున్నా వినకుండా దిగిపోయి, మూసి ఉన్న ఒక కొట్టు అరుగు మీద కూలబడింది. మెసేజి అడుగున ఉన్న లింకు నొక్కింది. ముఖం చూపించమంది ఫోను. ఏడ్చి ఏడ్చి ఉబ్బిన ముఖాన్ని గుర్తుపట్టలేనంది.

"నానేరా సచ్చినోడా, సరీగా సూడు!" అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఈసారి ప్రశ్నలు తెరుచుకున్నాయి.

లెక్కలు చేస్తుండగా సస్మిత ఫోన్ చేసింది. ప్రశ్నకు అడ్డంగా కూతురి పేరు. కట్ చేసింది. సైన్సులో ఉండగా మళ్ళీ చేసింది. మళ్ళీ కట్ చేసింది. చివరి ప్రశ్న దగ్గర వేలు తడబడి ఆకుపచ్చ బొమ్మకు తగిలింది.

"అమ్మా! పరీక్ష ఇయ్యాలేనంట! నువ్వెక్కడున్నావ్? బేగి రా! అమ్మా, ఇనబడతందా?"

సస్మిత పదో తరగతి చదివిన ఏడాది ఆ ఇంట్లో ఎవరూ గట్టిగా దగ్గలేదు. ముత్యాలమ్మ దగ్గనివ్వలేదు. వచ్చిన చుట్టాలను గుమ్మంలోనే ఆపి, పిల్ల చదువుకుంటోందని చెప్పి పంపేసింది. తన చదువు కోసం మాత్రం ఎవరూ గొంతు తగ్గించిన పాపాన పోలేదు. తగ్గించమని అడగాలని తనకూ ఎన్నడూ తోచలేదు.

"నోరు ముయ్యే!" అని అరిచింది. "పరీక్ష రాస్తన్నాను!"

అవతల గొంతు టక్కున ఆగిపోయింది. ఫోన్ పెట్టేయడానికి కూడా భయపడ్డట్టుంది, సస్మిత ఊపిరి మాత్రం వినబడుతోంది. ముత్యాలమ్మ చివరి ప్రశ్నను పెదాలు కదుపుతూ మొదటి నుంచి చదువుకుంది. జవాబు నొక్కింది, పంపింది. అందినట్టు తెర మీద పడేదాకా రెప్ప వేయలేదు.

"ఇప్పుడు మాటాడు," అంది కూతురితో.