నలభై గొంతుల్లో నిరుపమ

మా ఆవిడ నిరుపమ గొంతెత్తితే పక్కింటి కుక్క కూడా మొరగడం ఆపేస్తుంది. కరీంనగర్‌లో చిన్నప్పటి నుంచీ పాటల పోటీల్లో ఆమెదే పైచేయి. అలాంటి మనిషిని, దేశం దాటి మేం వచ్చి ఉంటున్న పామర్‌స్టన్ నార్త్‌లో బ్రెండన్ అనే ఐరిష్ పెద్దాయన పట్టుకుని, "నీ గొంతు ఒక్కటే విడిగా వినపడుతోంది" అని తప్పుపట్టాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఆయన నడిపేది ఐరిష్ బృందగానం. ముందు వరుసలో డాన్సర్లు చేతులు కదపకుండా, గట్టి బూట్లతో చెక్క స్టేజీని దడదడలాడిస్తుంటే, వెనక నలభై మంది పాడాలి. పాట ఎక్కడా తెగకూడదు. అందుకని అందరూ ఒకేచోట ఊపిరి తీసుకోరు. పక్కవాళ్ళు పాడుతుండగా ఒకరి తర్వాత ఒకరు చాటుగా తీసుకుంటారు. మా ఆవిడేమో గురువు నేర్పినట్టు చరణం చివర ఆగి, గుండెల నిండా పీల్చి, గమకంతో అందుకునేది. తొడ మీద తాళం సరేసరి. చివరి రిహార్సల్‌లోనూ ఇలాగే ఉంటే షో రోజు ప్రేక్షకుల్లో కూర్చోవాల్సిందేనని బ్రెండన్ తేల్చి చెప్పాడు.

"గొంతు దాసుకోమనే కాడ నీకేం పని? బంద్ పెట్టు," అన్నాను.

"పెట్ట," అంది నిరుపమ. "షాపుల, ఆఫీసుల, యాడికి పోయినా నేను వేరేగనే కనవడ్త. గీ ఒక్క తాననన్న అందర్ల కలవాలె నాకు."

ఆ రోజు నుంచి కూర కలుపుతూ, కారు నడుపుతూ, మాట మధ్యలో ఊపిరి తీసుకోవడం సాధన చేసింది. తాళం వేయబోయే చేతిని రెండో చేత్తో పట్టుకునేది. దగ్గొచ్చినా మానలేదు. చివరి రిహార్సల్ నుంచి ఇంటికొచ్చి, "ఉంచిండు," అని మాత్రం చెప్పింది.

షో రోజు నేను ముందు సీట్లోనే కూర్చున్నాను. బూట్ల మోత మీదుగా పాట లేచింది. నిరుపమ పెదాలు కదులుతున్నాయి. చెవులు రిక్కించి వెతికాను. పన్నెండేళ్ళుగా కాపురం చేస్తున్న నాకు ఆ గొంతు దొరకలేదు. హాలంతా చప్పట్లు కొడుతుంటే నాకు మాత్రం ఏడుపొచ్చినంత పనైంది.

పార్కింగ్‌లో ఉండబట్టలేక అనేశాను. "నీ గొంతు ఒక్కపారి గూడ ఇనరాలే."

నిరుపమ కారు డోరు వదిలేసి నా చెయ్యి పట్టుకుంది. "నిజంగ? ఒక్కపారి గూడనా?"

"ఒట్టు."

ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నవ్వు ఆగడం లేదు. "మల్లొకపారి చెప్పు," అంది.

చెప్పాను, ఈసారి కోపం లేకుండా.