సంతకాలు చూసే చిప్

వాషింగ్ మెషీన్లకు చిప్‌లు చేసే ఆ చిన్న కంపెనీలో డిజైన్ చూసే ఆవిణ్ణి అందరూ చాటుగా 'చాదస్తం' అనేవాళ్ళు. ఎదురుగా మాత్రం మేడం. ఆమె ఆడపడుచుకి ఆ మొహమాటం లేదు. అదే కంపెనీలో అమ్మకాలు చూసేది. "చూసిందే ఎన్నిసార్లు చూస్తావొదినా! నీ చాదస్తం కూల!" అని మొహం మీదే అనేసేది.

ఆ ఏడు ఆర్డర్లు సన్నగిల్లాయి. పెద్ద కంపెనీలు చవగ్గా ఇస్తుంటే వీళ్ళని పలకరించే నాథుడు లేడు. అప్పుడే ఆడపడుచు ఒక కబురు మోసుకొచ్చింది. మందుల రవాణాని బ్లాక్‌చెయిన్ మీద నడిపే సంస్థ ఒకటుంది. మందుపెట్టె చేయి మారినప్పుడల్లా ఇచ్చినవాళ్ళూ పుచ్చుకున్నవాళ్ళూ కంప్యూటర్లో సంతకం పెడతారు. ఆ సంతకం అసలుదో కాదో నెట్‌వర్క్‌లోని ప్రతి కంప్యూటరూ దేనికది సరిచూసుకుంటుంది. అందుకే ఎవరో ఒకరు గుట్టుగా రాత మార్చేయడం కుదరదు. కానీ పని పెరిగేకొద్దీ వాళ్ళ యంత్రాలు పెనాల్లా కాలిపోతున్నాయి.

"వాళ్ళకి అన్నీ వచ్చిన చిప్ అక్కర్లేదొదినా. సంతకాలు చూడ్డం తప్ప ఇంకేం రాని చిప్ చాలు."

"ఇంకేం రాకపోతే నేను చేసిపెడతా," అంది వదిన.

కంపెనీ యజమాని తల అడ్డంగా ఊపాడు. "బ్లాక్‌చెయిన్ అంటే గాలిమేడలమ్మా. ఇవాళ ఉంటాయి, రేపుండవు."

"గాలిమేడలు కట్టేవాళ్ళు వేరు సార్," అంది ఆడపడుచు. " వీళ్ళు మందులు చేరవేస్తున్నారు. రేపు సరుకు ఓడలవాళ్ళకీ ఇదే అవసరం పడుతుంది. పెద్దవాళ్ళు ఇటు తిరిగేలోగా మనం కాలు మోపాలి."

ఆయన గొణుక్కుంటూనే ఊఁ అన్నాడు.

వదిన అన్నం తింటూ కూడా కంచం అంచు మీద వేలితో గీతలు గీసేది. సంతకం రాసే తీరుకి ఏయే నియమాలున్నాయో అన్నిటినీ చిప్‌లోకి ఎక్కించింది. బొటనవేలి గోరంత చిప్ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజు దాన్ని అరచేతిలో పెట్టుకుని వెలుగులో అటూ ఇటూ తిప్పి తిప్పి చూసింది.

పరీక్ష ఆ సంస్థ సర్వర్ గదిలోనే పెట్టారు. పాత యంత్రం ఫ్యాన్లు హోరెత్తిపోతున్నాయి. పక్కనే వీళ్ళ చిప్ బిగించిన పెట్టెలో చడీచప్పుడూ లేదు. "నడుస్తోందా అసలు?" అని ఆ సంస్థ ఇంజనీరు చెయ్యి ఆనించి చూశాడు. చల్లగానే ఉంది. తెరమీద మాత్రం సంతకాలు పాత యంత్రం కంటే ఎంతో ముందుకి పరుగెడుతున్నాయి. ఉన్నట్టుండి ఎర్రగీత పడింది. పాత యంత్రం ఔనన్న ఒక సంతకాన్ని వీళ్ళ చిప్ కాదంది.

"మీ చిప్ తప్పింది మేడం," అన్నాడు ఇంజనీరు. యజమాని మొహం వాడిపోయింది. ఆడపడుచు వదిన మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

వదిన ఆ ఎర్రగీత మీద వేలు పెట్టింది. "ఆ ఒక్కదాన్నీ విప్పి చూడండి. తప్పు మాదే అయితే పెట్టె సర్దుకుని వెళ్ళిపోతాం."

విప్పారు. ఇంజనీరు తెరకి మొహం ఆనించి చదివాడు, మళ్ళీ చదివాడు. సంతకం రాసిన తీరు నియమానికి లోబడి లేదు. పాత ప్రోగ్రాం పోనీలే అని వదిలేసింది.

"మీ కంప్యూటర్లన్నిట్లో ఒకే ప్రోగ్రాం ఉండదుగా. ఇలాంటిదాన్ని ఒకటి ఒప్పుకుని ఇంకోటి కాదంటే మీ నెట్‌వర్క్ రెండుగా చీలుతుంది," అంది వదిన.

ఇంజనీరు కుర్చీలో వెనక్కి వాలాడు. "పోయిన నెల చీలింది మేడం. మందులు దారిలోనే ఆగిపోయాయి. ఎందుకో తెలీక మేం జుట్టు పీక్కున్నాం." లేచి నిలబడి, గదిలో వాళ్ళందరికీ వినబడేలా అన్నాడు: "మా ప్రతి యంత్రంలోనూ ఈ చిప్పే ఉండాలి."

మెట్లు దిగకముందే ఆడపడుచు ఫోన్ తీసింది. "అన్నయ్యా, మీ ఆవిడ కొట్టేసింది కుంభస్థలం! ఇవాళ వంట నువ్వే!" యజమాని చేతిరుమాలుతో కళ్ళు తుడుచుకుంటూ, సర్వర్ గదిలో దుమ్మెక్కువని గొణిగాడు. ఎవరూ నమ్మలేదు.

ఏడాది తిరక్కముందే ఓడలవాళ్ళొచ్చారు, భూమి పత్రాలవాళ్ళొచ్చారు. చిప్‌లు పరీక్షించడానికి పక్క భవనం కూడా తీసుకోవాల్సొచ్చింది. తాళం తీసిన రోజు వదిన ఆ ఖాళీ హాలులో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నడిచి, వెనక్కి తిరిగి యజమానితో అంది:

"ఇదీ చాలదు సార్."