ఇద్దరు తల్లులు, రెండు మాస్కులు

దేగు నగరంలో పెళ్ళి మొదలయ్యేది తల్లులతోనే. వధువు తల్లి, వరుడి తల్లి ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని వేదిక దాకా నడిచి కొవ్వొత్తులు వెలిగిస్తారు. హాల్లో ఉన్న కళ్ళన్నీ వాళ్ళ మీదే. ఎవరి బుగ్గలు జారాయి, ఎవరు వయసులో చిన్నగా కనిపిస్తున్నారు అన్నది వాళ్ళు వేదిక చేరేలోపే జనం తేల్చేస్తారు. తండ్రుల మొహాల ఊసు ఎవరూ ఎత్తరు. ఇదెక్కడి న్యాయమో పాఠకులే చెప్పాలి.

సొమున్ బజారులో నూడిల్స్ అంగడి నడిపే ఓక్‌సిమ్‌కు ఇవేవీ పట్టేవి కావు. కూతురు సెబోమ్ పెళ్ళికి ఇంకా మూడు వారాలుందనగా, పెళ్ళి ఏర్పాట్లు చూసే సంస్థ వాళ్ళు ఫోన్ చేశారు.

"అబ్బాయి తల్లిగారు మా క్లినిక్‌లో మొహానికి చికిత్స ఎప్పుడో బుక్ చేసుకున్నారండీ. మీరింకా ఆలోచిస్తున్నారా?"

సెబోమ్ వెంటనే అందుకుంది. "వెళ్ళమ్మా! అత్తయ్య పక్కన నిలబడితే నువ్వు ఆవిడకి పెద్దమ్మలా ఉంటావు."

ఆ మాట ఓక్‌సిమ్‌కు చురుక్కున తగిలింది. మర్నాడే అంగడికి తాళం వేసి, మాస్కు పెట్టుకుని ఆ సంస్థవాళ్ళు చెప్పిన క్లినిక్‌కు వెళ్ళింది.

అక్కడ తెల్లకోటు వేసుకున్న మేనేజరమ్మ అద్దం చేతికిచ్చి, ఆమె బుగ్గల్ని రెండు వేళ్ళతో పైకి లాగింది. "చూశారా? పదేళ్ళు ఎగిరిపోయాయి! చర్మం కింద దారాలు వేయిద్దాం, పైన బిగుతుకి వేడి యంత్రం, నోటి పక్కన గుంటకి ఫిల్లరు సూది. అన్నీ కలిపి తల్లుల ప్యాకేజీ."

"మరి డాక్టరుగారేరీ?"

"మీరు ఊఁ అంటే లోపలికి పంపిస్తాను."

ఆలోచించుకుంటానని ఓక్‌సిమ్ వచ్చి బయట కూర్చుంది. ఎదుటి కుర్చీలో ఒకావిడ టోపీ, నల్లకళ్ళద్దాలు, మాస్కుతో ముడుచుకుని ఉంది. ఆవిడ ఫోన్ మోగింది.

"క్లినిక్‌లోనే ఉన్నాన్రా. ఎవరికీ చెప్పకు. ముఖ్యంగా మీ అత్తగారికి!"

ఆ గొంతు ఓక్‌సిమ్‌కు తెలుసు. "అల్లుడుగారేం చెప్పక్కర్లేదు లెండి వదినగారూ, నేను ఎదురుగానే ఉన్నాను."

వరుడి తల్లి జొంగ్‌నాన్ నల్లద్దాలు, మాస్కు తీసింది. బడిలో పిల్లల్ని గడగడలాడించిన ఆ పంతులమ్మ మొహం కందగడ్డలా అయింది.

"మీరు ఎప్పుడో బుక్ చేశారన్నారుగా?" అంది ఓక్‌సిమ్.

"నేనా? మీరు చేశారని చెబితేనే కదా నేనొచ్చింది!"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని పగలబడి నవ్వారు. ఆ వెనకే కోపం వచ్చింది. ఓక్‌సిమ్ మాస్కు లాగేసి మేనేజరమ్మ ముందు నిలబడింది. "పెళ్ళి సంస్థవాళ్ళతో కలిసి ఇద్దర్నీ ఎగదోసి లాభపడదామనుకున్నారా? డాక్టరుగారు మాతో మాట్లాడేదాకా మా మొహాల మీద ఈగని కూడా వాలనివ్వం!"

గొడవ విని డాక్టరే బయటికొచ్చింది. నెరిసిన జుట్టు, అలసిన కళ్ళు. పెళ్ళి ఎప్పుడని అడిగి, విని, తల అడ్డంగా ఊపింది.

"మూడు వారాల్లోనా? దారాలు చర్మాన్ని పైకి లాగి పట్టుకుంటాయి. కానీ వాపు, కమిలిన మచ్చలు, సొట్టలు అప్పటికి తగ్గకపోవచ్చు. ఏడాదో ఏడాదిన్నరో అయ్యాక పట్టు కూడా వదులుతుంది. వేడి యంత్రాల ఫలితం మెల్లగా రెండు మూడు నెలలకి తెలుస్తుంది, అదీ కాస్తే. ఫిల్లరు గుంటని నింపుతుంది, జారినదాన్ని ఎత్తదు. అరుదుగానైనా దాంతో రక్తనాళం మూసుకుపోయే ప్రమాదముంది. బాగా జారితే ఆపరేషనే, అది పెద్ద పని. ఏమీ చేయించుకోకపోవడం కూడా ఒక దారేనమ్మా."

"ఈ మాటలు ముందే ఎందుకు చెప్పరు?" అంది జొంగ్‌నాన్.

డాక్టరు మేనేజరమ్మ వైపు చూసింది. "ముందే నా దగ్గరికి పంపితేగా!"

బయటికొచ్చాక జొంగ్‌నాన్ అంది. "నా దవడ కింద ఈ సంచి నాకూ నచ్చదు వదినగారూ. పెళ్ళయ్యాక, తీరిగ్గా, నాకు కావాలనిపిస్తే వస్తాను. మీకు భయపడి మాత్రం రాను."

"నేను మాత్రం రానే రాను," అంది ఓక్‌సిమ్.

ఇంట్లో సెబోమ్ మొహం మాడ్చుకుంది. "హాల్లో అందరూ నవ్వుతారమ్మా!"

"నవ్వనీ. ముప్పై ఏళ్ళు ఆవిరిలో ఉడికి నిన్ను పెంచిన మొహమిది. ఇది నీ పెళ్ళికి పనికిరాకపోతే నేను కూడా పనికిరాను. ఏమంటావు?"

సెబోమ్ దగ్గరికి వచ్చి తల్లి బుగ్గ మీద చెయ్యి వేసి, అలాగే ఏడ్చేసింది.

పెళ్ళిరోజు ఇద్దరు తల్లులూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని నడిచారు. ముందు వరసలో బంధువు ఒకావిడ వినబడేలాగే అంది. "అయ్యో, ఇద్దరూ మొహాలకి ఏమీ చేయించుకోలేదే!"

ఓక్‌సిమ్ ఆగింది. "చేయించుకోలేదు పిన్నీ. బాగా చూడు, వెలుతురు చాలకపోతే ఇప్పుడే కొవ్వొత్తి వెలిగిస్తున్నాం."

హాలంతా ఘొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది పెళ్ళికూతురే.

చికిత్స చేయించుకోవడం తప్పు కాదు, మానుకోవడం గొప్పా కాదు. కానీ అమ్మలారా, అడగాల్సినవన్నీ అడగకుండా, పక్కవాళ్ళని చూసి భయపడి మీ మొహాన్ని ఎవరి చేతికీ అప్పగించకండి. అది మీది.