కాగితం ఊపిన చెయ్యి

ఇస్మే తుడుపుకర్రను బకెట్లో ముంచి పిండి, ఆరో నంబరు మంచం కిందికి తోసింది. తల ఎత్తలేదు. మూడు రోజులుగా అక్కడ ఆమెది ఇదే వరస. పందొమ్మిదేళ్ళుగా ఈ ఆడవాళ్ళ వార్డు తుడుస్తున్న మనిషి. వేళ్ళు ఫినాయిలుకు పాలిపోయాయి, కుడి మోకాలు వంచితే కలుక్కుమంటుంది. రోగులందర్నీ పలకరిస్తుంది. ఆ ఒక్క మంచం దగ్గర మాత్రం నోరు పెగలదు.

మంచం మీద ఉన్నది యూలలీ. పాటగత్తెగా ఆమె పేరు లేడీ సొరెల్; ఆ పేరంటే శాన్ ఫెర్నాండో ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. లోకం తీరును ఎత్తిపొడిచే కలిప్సో పాట మగాళ్ళ సొత్తుగా ఉన్న రోజుల్లో, ఆ పాటల డేరాల్లో ఆడది నిలబడితే నాలుగు రకాలుగా అనుకునే రోజుల్లో, గౌను సవరించుకుని మైకు ముందుకొచ్చింది. పనిమనుషుల జీతాల మీద పాడింది. కుళాయిలో రాని నీళ్ళ మీద పాడింది.

ఒక ఏడాది కార్నివాల్ పండగకి ఇస్మే వాచిన కన్ను మీద పాడింది. అప్పట్లో ఇద్దరివీ ఒకే పెరట్లో పక్కపక్క గదులు. మొగుడు ఫిట్జ్‌రాయ్ చెయ్యి చేసుకున్నప్పుడల్లా, మెట్ల మీద జారిపడ్డానని ఇస్మే అందరికీ చెప్పేది. ఒకనాడు బట్టలుతుకుతూ యూలలీకి మాత్రం నిజం చెప్పి ఏడ్చింది. పాటలో పేరేమీ లేదు. "మన పెరట్లో మెట్లెక్కడివే చెల్లీ?" అన్న పల్లవి ఉంది, అంతే.

మా జనం సంగతి చెప్పాలా! పాటల పోటీకి టాయిలెట్ కాగితం చుట్టలు చంకన పెట్టుకుని వస్తారు. పాట నచ్చకపోతే విప్పి గాల్లో ఊపుతారు. దిగిపొమ్మని దానర్థం. ఆ రోజు ఆ పల్లవి మగాళ్ళకు తగలాల్సిన చోటే తగిలింది. రెండు చరణాలయ్యేసరికి మైదానమంతా తెల్లబడింది. ఫిట్జ్‌రాయ్ బారెడు కాగితం చింపి పెళ్ళాం చేతిలో పెట్టాడు. ఇస్మే ఊపింది. వాచిన కన్నుతోనే, నవ్వుతూ మరీ ఊపింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతుంది. ఫిట్జ్‌రాయ్ పోయి పన్నెండేళ్ళయింది. ఇంకా ఎవరికి భయపడి నోరు మూసుకున్నట్టు?

పొద్దున డాక్టరు పెదవి విరిచి వెళ్ళాడు. ఇక ఇవాళ చెప్పెయ్యాలి, క్షమించమని అడగాలి అనుకుంది ఇస్మే.

"ఏమే, ఇక్కడ తల దువ్వేవాళ్ళే లేరా?" అంది యూలలీ బొంగురుగా.

ఇస్మే కర్రను గోడకానించి, చేతులు కడుక్కుని, మంచం తలవైపు కూర్చుంది. వెనకనుంచి కాబట్టి మొహాలు కనబడవు. ఆ మేరకు ధైర్యం వచ్చింది. ఒక పక్క జడ అల్లి, రెండో పక్క దువ్వెన పెడుతూ చెప్పింది.

"ఆ రోజు నేనూ ఊపానే."

"తెలుసు. పైనుంచి అన్నీ కనబడతాయి. అందరికంటే నీదే పొడుగు."

ఇస్మే దువ్వెనను జుట్టులో అలాగే గుచ్చి వదిలింది.

"మగాళ్ళు ఊపితే నాకేం? నువ్వొక్కదానివైనా చేతులు ముడుచుకుని కూచుంటావనుకున్నా. మూడో చరణం నీకోసమే కట్టా. పాడనిస్తేగా!"

"ఏముందే అందులో?"

"ముందు ఆ పక్క కూడా అల్లు. చెప్తా."

ఇంతలో సిస్టర్ రాంలోగన్ పిలిచింది. రెండో మంచం దగ్గర గంజి ఒలికిందట. ఇస్మే వెళ్ళి తుడిచింది. వెంటనే వెనక్కి రావచ్చు. రాలేదు. నీళ్ళు మార్చే వంకతో కుళాయి దగ్గర చాలాసేపు నిలబడి, క్షమించు అనే ఒక్క మాటని పదిరకాలుగా అనుకుని చూసుకుంది. ఏ రకంగా అన్నా సిగ్గుగానే ఉంది.

తిరిగొచ్చేసరికి సిస్టర్ మంచం చుట్టూ తెర లాగుతోంది. బాధపడలేదు ఆంటీ, నిద్రలోనే పోయింది అని మెల్లగా చెప్పింది.

ఇస్మే తెర పక్కకు తీసి చూసింది. ఒక పక్క జడ బిగుతుగా, చక్కగా ఉంది. రెండో పక్క నెరిసిన జుట్టు దిండు మీద విరబోసి ఉంది. అందులో దువ్వెన, ఆమె గుచ్చి వదిలిన చోటే ఉంది.