మూత పడిన భరిణె

మైకులకు, ఫ్లెక్సీలకు పైసల్లేక నవీన కుంకుమ భరిణె పట్టుకొని సర్పంచ్ ఓట్లకు బయలెల్లింది. ఇంటింటికి పోయి, ఆడోళ్లకు బొట్టు పెట్టి, "జర నన్ను యాదుంచుకోండ్రి" అని అడుగుతున్నది.

మొగడు పోయిన దేవవ్వ నవ్వుకుంట ఎదురొచ్చి నొసలు ముందుకు వంచింది. నవీన గభాల్న భరిణె మూత పెట్టింది.

"పెద్దమ్మా, కోడలు లేదా?"

దేవవ్వ మొఖం చిన్నగైంది. "చుట్టిన బీడీలు కార్ఖానల ఇయ్య పోయింది. ఓటు నాకు గూడ ఉన్నది గద బిడ్డా."

నా చేతులిరగ అనుకుంట నవీన తల దించుకొని వెనక్కి మళ్లింది. గేటవతల తన అత్త నిలబడ్డది. ఆమెకూ మొగడు లేడు. పొద్దటి సంది కాగితాల సంచి మోసుకుంట ఎంబడి తిరుగుతున్నది గని, ఒక్క వాకిట్లకు గూడ అడుగు పెట్టలే.

లోపలికి రమ్మని నవీన ఒక్కసారన్న పిలువలే.